గొట్టానికి చుట్టిన కంబళి

కోత మొదటి రోజు

ఈ పుస్తకం నా మనవరాలు ఇచ్చింది. రోజుకు నాలుగు ముక్కలు రాయమంది. రాస్తేనే అక్షరాలు చేతికి అలవాటు పడతాయట. డెబ్బై రెండేళ్ళ మొద్దుకు అక్షరాలు దిద్దించిన పంతులమ్మ ఆవిడగారే. ఒత్తులు తప్పితే తప్పనీ. చదివేది నేనే కదా.

ఈ రోజు నుంచి గాలికోత. ఓడకు ఊపిరి పోసే మరలు మూడు. అందులో ఒకటి చచ్చింది. అందులో వేసే ముక్క ఓడలో లేదు. తాతల నాడు బయలుదేరిన ఓడ ఇది, మునిమనవల నాటికి గానీ నేల తగలదు. మధ్యలో దిగి కొనుక్కోవడానికి బయట అంగళ్ళు లేవు. చీకటీ చుక్కలూ తప్ప ఏమీ లేవు. అందుకని గాలి నాలుగు పాళ్ళలో ఒక పాలు తగ్గించారు. పై అంతస్తుకీ కింది అంతస్తుకీ సమానంగా తగ్గించామని నా బావమరిది గోడ మీది గొంతుగొట్టంలో చెప్పాడు. వాడు ఇప్పుడు ఈ ఓడకు పెద్ద. నా పెళ్ళిలో ముక్కు చీదుకుంటూ నా చిటికెన వేలు పట్టుకు తిరిగినవాడు.

మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. అది కోత వల్ల, ముసలితనం వల్ల కాదు.

కోత 2వ రోజు

ఏమి రాయాలో తోచడం లేదంటే, నీ పని రాయి తాతా అంది.

నేను తలుపుల మనిషిని. ఓడలో నలభై గదులకు గాలి వెళ్ళే గొట్టాలున్నాయి, ఒక్కో గొట్టానికి ఒక్కో చక్రం ఉంది. చక్రాలన్నిటికీ, పై అంతస్తు తలుపుకూ ఒకటే తాళంచెవి. అది నా మొలకు ఉంటుంది. ఏదైనా గది మూయాలంటే నేనే మూయాలి. మూసే ముందు గొట్టం మీద సుత్తితో మూడు దెబ్బలు కొట్టాలి. నూరు లెక్కపెట్టాలి. లోపల మనిషి ఉంటే రెండు దెబ్బలు తిరిగి కొడతాడు. నూరు అయినా జవాబు రాకపోతే చక్రం తిప్పాలి. మా నాన్న నాకు ఇదే నేర్పాడు. నలభై ఎనిమిదేళ్ళ నుంచి మూస్తున్నాను. ఒక్క ప్రాణం పోలేదు. ఈ మాట ఓడలో ఇంకెవడైనా చెప్పుకోమనండి.

లెక్క కూడా నూరు దాకానే వచ్చు. అది చూసి నవ్వింది.

"నూరు తర్వాత ఏమొస్తుంది తాతా?"

"నూరు తర్వాత తలుపు మూయడమే."

"నూట ఒకటి వస్తుంది. లోకం నూరు దగ్గర ఆగిపోదు. అను, నూట ఒకటి."

"నూట ఒకటి. ఆపైన?"

"ఒక్కరోజులో పండితుడివి అయిపోతావా? మిగతాది రేపు చెబుతాను."

దాన్ని నేను గుండుసూది అంటాను. సన్నగా ఉంటుంది, ఎక్కడ పెట్టినా గుచ్చుకుంటుంది. పద్దెనిమిదేళ్ళు వచ్చాయి.

కోత 5వ రోజు

ఈ రోజు పొద్దున్నే వచ్చి కాళ్ళ దగ్గర కూర్చుంది. "మొదటి తిరుగుబాటు కథ చెప్పు తాతా" అంది. వెయ్యిసార్లు విన్న కథే. అయినా చెప్పాను. అప్పుడు పై అంతస్తులో దొరలుండేవారు. వాళ్ళు నాలుగు పాళ్ళు పీల్చి మాకు రెండు పాళ్ళు వదిలేవారు. కింది అంతస్తులో పసిపిల్లలు నీలంగా పుట్టేవారు. ఒక రోజు చాలనుకున్నాం.

అప్పట్లో పై తలుపుకు దొరల తాళం వేరే ఉండేది. తొమ్మిదో గది కప్పుకు సరిగ్గా పైన దొరల గాలిచక్రం ఉంది. ఆ కప్పును ఉలీ సుత్తీతో ఆరు రోజులు తొలిచాం. అక్కడే ఒక చిక్కు వచ్చింది. కప్పు మీద దెబ్బ వేస్తే ఆ చప్పుడు గొట్టం పట్టుకుని ఓడంతా పాకుతుంది. ఏం చేయాలో ఎవడికీ పాలుపోలేదు. నాకు తోచింది. గొట్టానికి కంబళ్ళు చుట్టమన్నాను. సుత్తి మోత గోడలోనే చచ్చిపోయింది. ఆరో రోజున దొరల కాళ్ళ కింద నేల లేచింది.

"ఎన్ని పొరలు చుట్టారు?"

"మూడు. రెండైతే చాలవు. పొర పొరకూ విడిగా ముడి వేయాలి. తడిపిన తాడుతో వేస్తే ఇక జారదు."

"విప్పడం కష్టం కదా?"

"విప్పేదెవరు? గెలిచాక కోసి పారేశాం."

వింటూ మోకాలి మీద గడ్డం ఆనించుకుంది. ఎంత శ్రద్ధగా వింటుందో. ఈ కాలం పిల్లల్లో ఎవరు వింటారు ముసలివాళ్ళ మాట?

ఆ బెజ్జంలోంచి మొదట ఎక్కింది నా కొడుకు, మొదట పడిందీ వాడే. అప్పుడు ఇది తల్లి కడుపులో ఉంది. ఆ తల్లి కూడా దీన్ని నా చేతుల్లో పెట్టి పోయింది. ఆ భాగం నేను చెప్పను, అది అడగదు.

కోత 6వ రోజు

మోకాళ్ళు. ఏమీ రాయను.

కోత 9వ రోజు

పోట్లాట అయింది. పంతులమ్మగారు మూడు రోజుల నుంచి పాఠం చెప్పడం లేదు. ఎప్పుడు చూసినా ఆ కుట్టుమనిషి కొడుకు బక్కోడితోనూ ఇంకో ముగ్గురితోనూ గుసగుసలు. ఈ రోజు అందరి ముందూ నన్ను నిలదీసింది.

"తాతా, పైన కోత లేదు."

"ఎవడు చెప్పాడు?"

"పైన గచ్చు తుడిచే అమ్మాయి చెప్పింది. అక్కడ దీపం మంట నిటారుగా వెలుగుతోందట. మన దగ్గర చూడు, ఎలా సొమ్మసిల్లుతోందో."

"మంట చూసి గాలి కొలుస్తారా? ముల్లు చూసి కొలవాలి."

"అదే అంటున్నాను. తాళంచెవి ఇవ్వు. ముల్లు చూసి వస్తాం."

ఇవ్వనన్నాను. ఈ తాళంచెవి మా నాన్న చేతి నుంచి నా చేతికి వచ్చింది, ఉడుకు నెత్తురు పిల్లల చేతికి వెళ్ళదు అన్నాను. అప్పటి సంగతి వేరు, ఇప్పటి సంగతి వేరు అన్నాను. అప్పుడు పైన ఉన్నది దొరలు. ఇప్పుడు ఉన్నది మనవాళ్ళు. పైనున్నవాడు మీ చిన్నతాత, మీ నాయనమ్మ తోడబుట్టినవాడు అన్నాను.

"మనవాళ్ళు పీలిస్తే గాలి తరగదా తాతా?" అన్నాడు బక్కోడు.

చెంప పగిలేది. గుండుసూది అడ్డం వచ్చింది.

"సరే, నువ్వే వెళ్ళి చూసిరా. నీ మాట నమ్ముతాను" అంది.

నీ మాట నమ్ముతాను అంది.

కోత 10వ రోజు

పైకి వెళ్ళాను. నలభై రెండు మెట్లు, మూడు చోట్ల ఆగాను. బావమరిది ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. వేడి టీ ఇచ్చాడు.

"ఏంటి బావా, ఇంకా బతికే ఉన్నావా?"

"నిన్ను మోసే నలుగురిలో నేనొకణ్ణి కావాలని ఉన్నాను."

ఇద్దరం నవ్వాం. మా ఆవిడ సంగతి ఎత్తాడు. అక్క చేతి కుట్టు ఇప్పటికీ నా చొక్కా మీద ఉందని చూపించాడు. మంచివాడు. నెరిసిపోయాడు. మాట్లాడుతుంటే ఆయాసం లేదు. వాడు నాకన్నా పన్నెండేళ్ళు చిన్న, ఉండదు మరి.

గాలిముల్లు ఉన్న గోడ వైపు చూశాను. దాని మీద గుడ్డ కప్పి ఉంది.

"దుమ్ము పడుతోంది బావా, అందుకని కప్పించాను. కావాలంటే తీసి చూసుకో."

తీసి చూసుకో అన్నాడు కదా. అలా అన్నవాడి ముందు గుడ్డ లాగి చూస్తే నేను మనిషినేనా? దుమ్ము పడితే ముల్లు పాడవుతుంది. సబబే.

టీ బాగుంది.

కోత 11వ రోజు

"ముల్లు చూశావా?" అంది.

"చూశాను."

"ఎన్ని గీతల మీద ఉంది?"

"మూడు. మనకెంతో వాళ్ళకూ అంతే."

నా ముఖంలోకి కాసేపు చూసింది. నా చొక్కా గుండీ ఊడబోతుంటే సరిగ్గా పెట్టింది. "సరే తాతా" అంది. వెళ్ళిపోయింది. కోపం కూడా పడలేదు. అంటే నమ్మినట్టే.

అబద్ధం కాదు. గుడ్డ కింద మూడే ఉండి ఉంటుంది.

కోత 13వ రోజు

నా కంబళి కనిపించడం లేదు. బట్టలుతికే గదిలో అడిగితే మాకేం తెలుసని ముఖాన కొట్టినట్టు చెప్పారు. ఓడలో దొంగలు కూడా తయారయ్యారు. చలికి పడుకోలేకపోయాను.

కోత 14వ రోజు

పెట్టె అడుగున దాచిన మా ఆవిడ కంబళి కూడా పోయింది. అంచున ఎర్రదారంతో కుట్టినది. అది పోవడం మాత్రం నేను ఊరుకోను. ఆ కుట్టు చూస్తే ఎక్కడున్నా పోలుస్తాను. ఇంకొకటి, గుండుసూది పడకది, అది కూడా లేదు.

ఆ పిల్ల రెండు రోజుల నుంచి పడకకు రాలేదు. కుట్టుమనిషి వచ్చింది. "బాబాయ్, మా బక్కోడు మీవైపు గానీ వచ్చాడా?" అని అడిగింది. లేదన్నాను. "వయసు పిల్లలు అమ్మాయ్, ఆకలేస్తే వాళ్ళే వస్తారు. ఎక్కడికి పోతారు, ఓడ దాటి?" అన్నాను. నవ్వింది పాపం.

ఏదో గీకుతున్నట్టు చప్పుడు గోడలో చాలా సన్నగా వినిపిస్తోంది. చచ్చిన మర విప్పుతున్నారేమో.

కోత 15వ రోజు

బావమరిది పొద్దున్నే స్వయంగా కిందికి దిగి వచ్చాడు. నా గది గుమ్మంలో నిలబడ్డాడు. పద్దెనిమిదేళ్ళలో ఇదే మొదటిసారి. అందరూ చూశారు.

తొమ్మిదో గది మూసేయాలన్నాడు. మా పోరాటంలో ఆ గది బయటి గోడ అతుకు దెబ్బతింది, అప్పటి నుంచీ కారుతూనే ఉంది. గాలి పోస్తూ ఉంటేనే నిలుస్తుంది, చిల్లికుండలో నీళ్ళు పోసినట్టు. చక్రం తిప్పితే ముప్పై లెక్కపెట్టేలోగా గదిలో ఊపిరుండదు. ఆ ఒక్కటీ మూస్తే కింది అంతస్తుకు కోత ఎత్తేయవచ్చన్నాడు.

"ఇన్నాళ్ళూ తోచలేదా?" అన్నాను.

"నీకు చెప్పడానికి మొహమాటపడ్డాను బావా. మీ అబ్బాయి ఎక్కిన గది కదా."

మొల నుంచి తాళంచెవి తీశాను.

"లోపల ఎవరైనా ఉన్నారా?"

"నిన్ననే చూసొచ్చారు. పురుగు కూడా లేదు."

వెళ్ళాం. వాడు నా పక్కనే నిలబడ్డాడు. ఆ తలుపుకు అద్దం లేదు, అప్పట్లో పగిలితే రేకు కొట్టాం. ఎవడు చెప్పినా చెప్పకపోయినా నా పద్ధతి నాది. మూడు దెబ్బలు కొట్టాను. దెబ్బ కొంచెం మొద్దుగా పలికింది. తొమ్మిదో గొట్టం పాతది. చెవి ఆనించాను. నూరు లెక్కపెట్టాను. జవాబు లేదు. చక్రం తిప్పాను. గొట్టం మీది గాలిముల్లు కిందికి పడిపోయింది.

నూరు లెక్కపెట్టాను.

కోత 16వ రోజు

కోత ఎత్తేశారు! పైన రాసే రోజుల లెక్క మాత్రం ఇలాగే ఉంచుతాను, వేరే లెక్క వేయడం రాదు.

దీపం మంట నిటారుగా నిలబడింది. భోజనాల గదిలో అందరూ నా వీపు తట్టారు. ఒక పసిపిల్ల తల్లి నా చేతులు కళ్ళకద్దుకుంది. మొదటి తిరుగుబాటులో కంబళ్ళ ఉపాయం చెప్పింది ఈయనే అని ఎవరో అన్నారు.

గుండుసూది ఉంటే చూసేది, ముసలాడంటే ఏమిటో. అలిగి ఎక్కడో కూర్చుంది. దాని రొట్టె తెచ్చి పెట్టాను. గిన్నె మూత పెట్టాను.

కోత 17వ రోజు

రొట్టె గట్టిపడింది. మార్చి కొత్తది పెట్టాను.

నూరు లెక్కపెట్టాను. నూరు.

కోత 18వ రోజు

మూసిన గది మూడు రోజులకు తెరిచి చూడాలి. మూసినవాడే తెరవాలి.

తెరిచాను.

కోత 21వ రోజు

అది అక్కడ లేదు. వేరే ఎవరో.

కోత 22వ రోజు

పైన రాసింది తప్పు. కొట్టేయడం చాతకాదు. ఉండనీ.

పద్దెనిమిదో రోజున తొమ్మిదో గది తలుపు దగ్గరికి నేను వెళ్ళేసరికి కుట్టుమనిషి అప్పటికే నిలబడి ఉంది. "ఊరికే వచ్చాను బాబాయ్" అంది. చేతిలో సూదీ దారం అలాగే ఉన్నాయి. చక్రం తిప్పి గాలి పోశాను. తలుపు లోపలి నుంచి గడియ వేసి ఉంది. గడియ వేసి ఉందంటే లోపల ఎవరో వేశారు. నాకు ఆ ఆలోచన వచ్చింది, వచ్చిందాన్ని తోసేశాను. పలుగుతో లేపాను.

ఐదుగురు. కప్పుకు బెత్తెడు మందం మిగిలింది. మాకు ఆరు రోజులు పట్టిన పని వీళ్ళు నాలుగు రోజుల్లో చేశారు. బక్కోడి చేతిలో ఉలి ఉంది. కుట్టుమనిషి వాడి తల ఒళ్ళో పెట్టుకుంది. వాడి చొక్కా చిరుగు చూసి కుట్టబోయింది. నా ముందే సూదిలోకి దారం ఎక్కించింది.

గుండుసూది గొట్టం దగ్గర ఉంది.

గొట్టానికి కంబళ్ళు చుట్టారు. మూడు పొరలు. పొర పొరకూ విడిగా ముడి. తడిపిన తాడు. నేను ఎలా చెప్పానో అలాగే. పై పొర నాది. అది విప్పి కింద పడేసి ఉంది. రెండోది దాని కంబళి. అదీ విప్పి ఉంది. అడుగున మా ఆవిడది, ఎర్రదారం అంచుది. ముడి సగం విప్పింది. గోళ్ళు విరిగాయి. పక్కనే సుత్తి ఉంది.

నా మూడు దెబ్బలు విన్నారు. కంబళి మీద కొట్టినా, మందపాటి తలుపు మీద గుద్దినా బయటికి వినపడదని తెలుసు, బిగిసిన గడియ నూరు లోపల ఊడదనీ తెలుసు. ఉత్త గొట్టం మీద కొట్టడానికి విప్పుతోంది.

కోత 23వ రోజు

గుండుసూదికి ఆ పద్ధతి తెలుసు. చిన్నప్పుడు నా భుజం మీద కూర్చుని నాతో పాటు లెక్కపెట్టేది. నూరు దాకా తాత మూయడని దానికి తెలుసు. కాబట్టి ఆ పిల్ల లెక్కపెట్టుకుంటూనే విప్పి ఉంటుంది.

కోత 24వ రోజు

అరవై.

అరవై దగ్గర పక్కన బావమరిది దగ్గాడు. "ఇంకెంతసేపు బావా, కాళ్ళు లాగుతున్నాయి" అన్నాడు. నాకూ మోకాళ్ళు లాగుతున్నాయి. పద్దెనిమిదేళ్ళ తర్వాత నా గుమ్మానికి వచ్చిన మనిషి ముందు ముసలాడు మెల్లగా లెక్కపెడుతున్నాడని అనిపించుకోలేకపోయాను. చక్రం మీద చెయ్యి వేశాను.

మూడో ముడికి నలభై చాలు. నా గదిలో అలాంటి ముడి వేసి విప్పి చూశాను. తొమ్మిదిసార్లు చూశాను. ఈ వణికే వేళ్ళతోనే ముప్పై అయిదు అయింది.

కోత 25వ రోజు

పైకి వెళ్ళాను. మెట్ల మీద ఎక్కడా ఆగలేదు. బావమరిది లేచాడు. నేను నేరుగా వెళ్ళి ముల్లు మీది గుడ్డ లాగేశాను.

నాలుగు గీతలు. నిండుగా.

"కోత ఉన్నప్పుడూ ఇంతేనా?" అని అడిగాను.

వాడు దాచలేదు. "ఇక్కడ ఓడ నడిపే పెట్టెలున్నాయి బావా. వాటికి చల్లగాలి తగ్గితే దారి తప్పుతాం. అది కిందివాళ్ళకు చెబితే అర్థం కాదు."

"చెప్పి చూశావా?"

కుర్చీ నా వైపు జరిపాడు.

"లోపల పిల్లలున్నారని నీకు తెలుసా?"

"నన్నెందుకు అడుగుతావు? కొట్టింది నువ్వు. విన్నది నువ్వు."

"తెలుసా అని అడిగాను."

"నూరు దాకా లెక్కపెట్టావు కదా బావా?" అన్నాడు మెల్లగా. "నేను పక్కనే ఉన్నాను. ఎవరైనా అడిగితే నూరే అని చెబుతాను. నువ్వు ఈ గుడ్డ సంగతి మరిచిపో. ఈ వయసులో నీ పరువు నీకుండాలి. అక్క మొగుడివి."

గుడ్డ ఎత్తి నా చేతికిచ్చాడు. నేను దాన్ని పట్టుకుని నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో రాయను. కప్పలేదు. కానీ వాడి ముఖాన కొట్టలేదు కూడా. మడత పెట్టి బల్ల మీద పెట్టి దిగి వచ్చాను.

నలభై ఎనిమిదేళ్ళు. ఒక్క ప్రాణం పోలేదు. ఓడలో అందరూ నన్ను చూసి చెప్పుకునే మాట.

కోత 26వ రోజు

కిందివాళ్ళు గుండుసూదిని తిడుతున్నారు. పద్ధతి తెలియని పిల్లలు, నూరు లోపల జవాబు ఇవ్వకపోతే తాత ఏం చేస్తాడు అంటున్నారు. నాకు జాలి చూపిస్తున్నారు. రొట్టె రెండు ముక్కలు ఎక్కువ వేశారు.

తిన్నాను.

కోత 27వ రోజు

భోజనాల గదిలో అందరూ ఉండగా లేచి నిలబడ్డాను. సుత్తితో బల్ల మీద మూడు దెబ్బలు కొట్టాను. గది నిశ్శబ్దమైంది. మాకు పుట్టినప్పటి నుంచీ అలవాటు, మూడు దెబ్బలు వింటే మాట్లాడం.

"పైన ముల్లు నాలుగు మీద ఉంది" అన్నాను. "కోతలోనూ నాలుగే. పిల్లలు అన్నది నిజం. నేను చూశానని చెప్పింది అబద్ధం. చూడలేదు."

ఎవడో లేచాడు. కూర్చోమన్నాను. "ఇంకా ఉంది. తొమ్మిదో గది దగ్గర నేను నూరు లెక్కపెట్టలేదు. అరవై దగ్గర ఆపేశాను. వాళ్ళు జవాబివ్వడానికి మూడో ముడి విప్పుతున్నారు."

కుట్టుమనిషి లేచి నా దగ్గరికి వచ్చింది. కొడుతుందనుకున్నాను. కొట్టమనుకున్నాను.

"అరవై నుంచి నూరు అంటే ఎంతసేపు బాబాయ్?" అంది. "నాకు తెలీదు. లెక్కపెట్టు."

"అమ్మాయ్..."

"లెక్కపెట్టు. ఆ రోజు పెట్టాల్సినంత మెల్లగా పెట్టు."

పెట్టాను. అరవై ఒకటి. అరవై రెండు. ఎవరూ కదల్లేదు. డెబ్బై దాటేసరికి ఆమె చేతివేళ్ళు చీర కొంగు ముడి మీద కదులుతున్నాయి, విప్పుతున్నట్టు. ఎనభై. ఎవరో వెక్కారు. తొంభై రెండు దగ్గర ఆమె ముడి వీడిపోయింది. కొంగు చూసుకుంది. నన్ను చూసింది. మిగతా ఎనిమిది కూడా పెట్టమంది. పెట్టాను. నూరు.

చెయ్యి చాపింది. మొల నుంచి తాళంచెవి విప్పి ఇచ్చాను. తీసుకుని మెట్ల వైపు నడిచింది. గదిలో కాళ్ళున్న ప్రతివాడూ ఆమె వెనకే వెళ్ళాడు. నన్ను రమ్మని ఎవరూ అనలేదు.

కోత 29వ రోజు

గెలిచారు. ఈసారి నెత్తురు పడలేదు. తాళంచెవి ఉంటే కప్పు తొలవక్కర్లేదు కదా. నా మొలకు ఉన్నదే గుండుసూది అడిగింది, తొమ్మిదో రోజున.

బావమరిదిని ఏమీ చేయలేదు. కింది అంతస్తులో నా పక్కగదే ఇచ్చారు. గోడ అవతల దగ్గుతున్నాడు. మేమిద్దరం మాట్లాడుకోం. మిగిలిన రెండు మరలు అరిగిపోకుండా పైన ముల్లు మూడున్నర మీద పెట్టారట, కిందా మూడున్నర. ఓడ దారి తప్పలేదు. గుడ్డ తీసేశారట. ఇంకో పద్దెనిమిదేళ్ళకు ఎవడు మళ్ళీ కప్పుతాడో, అప్పుడు ఎవడి మనవరాలో.

కొత్త తలుపుల మనిషి కుట్టుమనిషే. నాతో పని అడిగి నేర్చుకుంటుందనుకున్నాను. అడగలేదు. మూడు దెబ్బలు, నూరు. అందులో నేర్చుకునేది ఏముంది?

మా ఆవిడ కంబళి తెచ్చి నా గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళింది. ఆ సగం ముడి అలాగే ఉంది. విప్పలేదు. విప్పను.

కోత 30వ రోజు

పొద్దున తొమ్మిదో గదికి వెళ్ళాను. ఇప్పుడు అది శాశ్వతంగా మూసిన గది. తాళంచెవి నా దగ్గర లేదు, చక్రం ముట్టుకునే హక్కు లేదు. సుత్తి మాత్రం నాదే.

మూడు దెబ్బలు కొట్టాను. కంబళి లేదు కదా, ఈసారి ఖంగున మోగింది. చెవి ఆనించాను. మెల్లగా, మా నాన్న చెప్పినంత మెల్లగా లెక్కపెట్టాను. అరవై దగ్గర మోకాళ్ళు లాగాయి. లాగనీ అన్నాను. నూరు అయింది. తిప్పడానికి ఏమీ లేదు, అలాగే నిలబడ్డాను.

నూట ఒకటి అన్నాను.

మిగతాది రేపు చెబుతానంది.